మా రోజుల్లో టేపులు చెరిపేవాళ్ళు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిలింనగర్ వైపు వెళ్తుంటే ఇప్పుడు ప్రతి మూడో మేడ మీదా ఒక స్టూడియో ఉంది. స్టూడియో అనగానే మీకు అక్కినేని గారు 1976లో తెరిచిన అన్నపూర్ణో, కొండమీది రామానాయుడు స్టూడియోనో గుర్తొస్తే మీదీ నా ఈడే అన్నమాట. ఇవి అవి కావు. పదడుగుల గది, గోడలకి నల్ల స్పాంజి, ఒక మైకు, ఒక లాప్‌టాప్, మూలన చుట్టిపెట్టిన చాప. పాట అక్కడే కడతారు, అక్కడే పాడతారు, అక్కడే మిక్సింగు, మధ్యలో అక్కడే మ్యాగీ వండుకుంటారు. నిర్మాత లేడు, ఆడియో కంపెనీ లేదు, ఆర్కెస్ట్రా అసలే లేదు. ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటారు. సరే, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడతామంటే కాదనడానికి నేనెవణ్ణి?

ఇప్పుడు ఈ పిల్లలకి కొత్త ధ్యాస పట్టుకుంది. పాటని బ్లాక్‌చెయిన్ మీద పెడతారట. పెడితే ఇక చెరగదట. ఎన్‌ఎఫ్‌టీ అంటారు, మింట్ చేయడం అంటారు, వాలెట్ అంటారు. వింటూ కూర్చుంటాను. కృష్ణానగర్‌లో రిటైరైన వయొలినిస్టుకి అంతకంటే పనేముంది?

మా రోజుల్లో పాట అంటే నలభై మంది. మద్రాసులో విజయా గార్డెన్స్‌లోనో, ఏవీఎంలోనో, ప్రసాద్‌లోనో పొద్దున్నే కాల్షీటు. వయొలిన్లు వరసలుగా, వెనక సెల్లోలు, ఒక పక్క తబలా, ఢోలక్, గాజుపలకల గదిలో పాడేవాళ్ళు. నాది వెనక వరస. ముందు వరసలో కూర్చునే యోగ్యత నాకుందని ఇప్పటికీ నా నమ్మకం, ఆ గొడవ ఇప్పుడొద్దు. ఎవరి తీగ తెగినా, ఎవరు దగ్గినా మళ్ళీ పల్లవి నుంచి ఎత్తుకోవాల్సిందే. ముప్ఫై తొమ్మిది మంది కరెక్టుగా వాయించి, నలభయ్యోవాడు సాధారణ గాంధారం పట్టాల్సిన చోట అంతర గాంధారం పట్టాడా, అందరి విల్లులూ ఒక్కసారి ఆగేవి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వాడి వంక చూసేవాళ్ళంతే. ఆ చూపు తిన్నవాడు జన్మలో మళ్ళీ స్వరం తప్పడు. ఇప్పుడు తప్పు స్వరాన్ని మౌసుతో లాగి సరిచేస్తారు. తప్పినవాడికి తప్పానని కూడా తెలియదు.

టేక్ ఓకే అయ్యాక వోచరు మీద ఒక సంతకం, చేతిలో కవరు. అంతటితో ఆ పాటకీ మాకూ రుణం తీరిపోయేది. రికార్డు కవరు మీద సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ళవీ రాసినవాళ్ళవీ పేర్లు ఉండేవి. మా పేర్లా? పాడినవాళ్ళకే గతిలేని రోజులు కూడా ఉన్నాయి మరి. 1949లో మహల్ సినిమా రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు వేయలేదు, తెర మీది పాత్ర పేరు కామిని అని వేశారు. లతకే దిక్కులేనప్పుడు వెనక వరస వయొలిన్ ఎక్కడ?

ఇక టేపుల సంగతి. శాశ్వతం, శాశ్వతం అని గంతులేసే ఈ పిల్లలకి చెప్పాల్సింది అదే. టేపు ఖరీదైన సరుకు. పాట సినిమాకీ, గ్రామఫోను రికార్డుకీ ఎక్కేసిందంటే ఆ టేపు మీద ఇంకో పాట ఎక్కించేవాళ్ళు. ఆ పొద్దంతా నలభై మందిమి చెమటోడ్చి వాయించింది, ఇంకో నలభై మంది వాయిద్యం కింద పడి పోయేది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. మాకూ ఉండేది కాదు. కవరు వచ్చింది కదా.

బాలు గారు తన మొదటి పాట 1966 డిసెంబర్ 15న పాడారు, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న కోసం. సంగీతం ఎస్.పి. కోదండపాణి గారు. రికార్డింగ్ విజయా గార్డెన్స్‌లో. పాట అయ్యాక కోదండపాణి గారు అక్కడి సౌండ్ ఇంజనీరు స్వామినాథన్ గారిని ఒక సాయం అడిగారట: ఈ టేపు ఓ ఏడాది చెరపకండి, ఇక్కడికి వచ్చే సంగీత దర్శకులకి ఈ కుర్రాడి గొంతు వినిపించండి అని. ఆయన ఒప్పుకున్నారు. బాలు గారు ఈ సంగతి సభల్లో, ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. తర్వాత ఆయన సొంతంగా కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకి కోదండపాణి ఆడియో ల్యాబ్స్ అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. ఒక మనిషి చెరపొద్దని అడిగాడు, ఇంకో మనిషి సరేనన్నాడు. ఏ కంప్యూటర్ల గొలుసూ లేకుండా అలా నిలిచింది ఆ టేపు.

అడిగేవాడు లేని చోట ఏమైందో కూడా చెబుతాను. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద. హెచ్.ఎం. రెడ్డి గారు తీశారు, సురభి కమలాబాయి గారు లీలావతి వేశారు. దాని ప్రింటు ఈ రోజు ఒక్కటి కూడా లేదు. పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అప్పటికి మూడు దశాబ్దాల తెలుగు సినిమాలో చాలా భాగం గోడౌన్లలో పులిసిపోయి, నిప్పంటుకుని, కొంత వెండి కోసం కరిగిపోయింది. ఏటా మొదటి టాకీ తేదీ ఫిబ్రవరా సెప్టెంబరా అని కొట్టుకుంటాం కానీ, ఆ సినిమాలో పాటలు ఎలా ఉండేవో చెవితో విన్నవాడు మన మధ్య లేడు.

అంతకుముందు తరం వాళ్ళు మాకంటే తెలివైనవాళ్ళు సుమా. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించాడు. మూడు నిమిషాల పాట. ఆఖర్న ఆవిడ ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పి ముగించింది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఏ రికార్డు ఎవరిదో తెలియాలి కదా, అందుకు. పాట ఎక్కడికి పోతే పేరు కూడా అక్కడికి పోతుంది, చింపినా ఊడదు. నూట ఇరవై ఏళ్ళ కిందట ఆ పద్ధతి ఉంటే, మద్రాసులో నలభై మందిమి కలిసి వాయించి ఒక్కడూ నోరు తెరవలేదు. తెరిస్తే మరుసటి కాల్షీటు ఉండేది కాదనుకోండి.

చట్టం కూడా అలాగే ఏడిచింది. ఐపీఆర్‌ఎస్ అని రచయితల, సంగీత దర్శకుల సొసైటీ 1969లో పుట్టింది. 1977లో సుప్రీంకోర్టు ఆ సొసైటీ కేసులోనే తేల్చింది: డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటకి, వేరే ఒప్పందమేమీ లేకపోతే, హక్కుదారు నిర్మాతే అని. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా నాలుగు మాటలు రాస్తూ, పాట కట్టినవాడికి చట్టంలో చోటుంది కానీ పాడినవాడికి లేదే అని బాధపడ్డారు. వయొలిన్ల దాకా రాలేదు పాపం. జావేద్ అఖ్తర్ లాంటివాళ్ళు పోరగా పోరగా 2012లో చట్టం మారింది. రచయిత, సంగీత దర్శకుడు రాయల్టీ హక్కుని వారసులకో సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి లేదన్నారు. మరుసటేడు గాయకులు ఇస్రా అని తమ సంఘం పెట్టుకున్నారు. 2017లో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా గారి లాయరు నుంచి నోటీసు వచ్చింది, నా పాటలు అనుమతి లేకుండా పాడకూడదని. ప్రాణస్నేహితుల మధ్య! తర్వాత కలిసిపోయారు, అది వేరే సంగతి. మా ఆర్కెస్ట్రావాళ్ళు మాత్రం ఆ వార్త చదివి ఫోన్లు చేసుకుని నవ్వుకున్నాం. ఆ పాటల్లో సగం మా చేతుల మీదుగా పోయినవే, మాకు నోటీసిచ్చేవాడూ లేడు, మేము ఇవ్వడానికీ లేదు.

అందుకని ఆ స్టూడియో పిల్లల్లో ఒక కుర్రాడు బ్లాక్‌చెయిన్ అన్నప్పుడు నేను వెంటనే కొట్టిపారెయ్యలేదు. సిద్దిపేట నుంచి వచ్చాడు. పగలు చిన్న సినిమాలకి కీబోర్డు ప్రోగ్రామింగ్, రాత్రి సొంత పాటలు. నన్ను గురువుగారు అంటాడు. ఫిలింనగర్‌లో గురువుగారు అనిపించుకోవడానికి పెద్దగా అర్హతలేం అక్కర్లేదు, తెల్లజుట్టు చాలు.

వాడు చెప్పింది నాకర్థమైన మేరకు ఇదీ. మామూలు చిట్టీకి ఫోర్‌మన్ దగ్గర ఒకే పుస్తకం ఉంటుంది. వాడు రాసిందే వేదం. ఒక రాత్రి వాడు పుస్తకంతో సహా మాయమైతే ఊరంతా గుండెలు బాదుకోవాలి. అదే పుస్తకం నకలు సభ్యులందరి దగ్గరా ఉండి, ఎవరు ఏ పద్దు రాసినా అందరి పుస్తకాల్లోనూ ఒకేసారి పడి, రాసింది కొట్టేయడానికి ఎవరికీ వీల్లేకపోతే? అదీ బ్లాక్‌చెయిన్. నేను ఎగతాళికి అన్న పోలిక కాదిది. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ టీ-చిట్స్ పేరుతో నిజంగానే చిట్‌ఫండ్ లెక్కల్ని ఈ పద్ధతిలోకి తెచ్చింది. చిట్టీ డబ్బులు ఎగ్గొట్టించుకున్న తెలుగువాడికి ఇంతకంటే బాగా ఏ పండితుడూ చెప్పలేడు.

మరి అందులో పాట ఉంటుందా అని అడిగాను. వాడు కాస్త నీళ్ళు నమిలాడు. ఉండదు. పాట పెద్ద ఫైలు, గొలుసు మీద పెడితే ఇల్లమ్ముకోవాలి. గొలుసు మీద ఉండేది పాట తాలూకు వేలిముద్ర, అంటే హ్యాష్, ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా, ఎవరిదో చెప్పే పద్దు. ఆ పద్దే ఎన్‌ఎఫ్‌టీ, దాన్ని గొలుసు మీదకి ఎక్కించడమే మింట్ చేయడం. పాట ఇంకెక్కడో ఉంటుంది. ఆ ఇంకెక్కడో దగ్గరే వస్తుంది చిక్కంతా. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో దుకాణం దివాలా తీసింది. కోచెల్లా అని అమెరికాలో పెద్ద సంగీతోత్సవం ఉంది, వాళ్ళు అమ్మిన ఎన్‌ఎఫ్‌టీలు కూడా అందులో చిక్కుకున్నాయి. ఆ దుకాణం సర్వర్ల మీద పెట్టిన బొమ్మలు మాయం. పద్దు భద్రం, సరుకు గల్లంతు. గొలుసు లేని రోజుల్లో మాత్రం ఏం గొప్ప? మైస్పేస్ అనే వెబ్‌సైటులో 2003 నుంచి 2015 దాకా కుర్రకారు ఎక్కించుకున్న పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయి. 2019లో బయటపడితే 5 కోట్ల పైచిలుకు పాటలని లెక్క తేలింది. మద్రాసులో ఎన్ని టేపులు చెరిపితే అన్ని అవుతాయి?

దానికీ వాడి దగ్గర జవాబుంది. ఐపీఎఫ్‌ఎస్ అట, ఆర్‌వీవ్ అట, ఫైలుని కూడా నలుగురి దగ్గరా దాచే ఏర్పాట్లు. ఆ ఫైలుని ఎవరో ఒకరు దాచుకుంటూనే ఉండాలి, దానికి ఎవరో ఒకరు డబ్బు కడుతూనే ఉండాలి, లేదా ముందే కట్టి పెట్టాలి. అంటే చెరపొద్దని అడిగేవాడూ, సరేననేవాడూ ఇక్కడా కావాలి. పేర్లు మారాయంతే.

డబ్బు సంగతి ఎత్తితే వాడికి కోపం. 2021లో ఊరంతా ఎన్‌ఎఫ్‌టీ జ్వరం. కంప్యూటర్ బొమ్మ ఒకటి క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లు పలికింది. కృష్ణానగర్‌లో ఖాళీ జేబుతో తిరిగేవాళ్ళంతా ఆ అంకెని కంఠతా పట్టారు. మరుసటేడు ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం ఈ లాభాల మీద 30 శాతం పన్ను వేసింది, జూలై నుంచి 1 శాతం టీడీఎస్ కోసింది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ మీద దొంగలు పడి 23 కోట్ల డాలర్ల దాకా ఊడ్చుకుపోయారు. మా వాడి పాటలు కొన్నవాళ్ళు ఎవరని అడిగితే ఇద్దరు స్నేహితుల పేర్లు, ఒక బావమరిది పేరు చెప్పాడు.

డబ్బు రాకపోతే పోనీ, పేరుకి సాక్ష్యం ఉంటుంది కదా అంటాడు. ఇది మాత్రం ఒప్పుకోవాల్సిన మాట. మన చట్టంలో పాట పుట్టగానే కాపీరైటు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ గొడవ వచ్చిన రోజున, ఫలానా తేదీకే ఈ పాట నా దగ్గర ఉందని చూపించాలి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుకిచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ కూడా రాయాలని మా వీధి లాయరు గారు చెప్పారు. అలాంటి గొడవలు మనకి కొత్తా? 2021లో లవ్ స్టోరీ సినిమాకి సారంగదరియా పాట వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని టీవీ స్టేజీ మీదకి ముందు తెచ్చింది నేనంటూ ఒక గాయని బయటికొచ్చింది. చివరికి కూర్చుని మాట్లాడుకుని సర్దుకున్నారు. మరి అది అసలు కట్టిందెవరు? ఏ ఊళ్ళో ఏ నాట్లేసే ఆడవాళ్ళు? వాళ్ళకి వాలెట్ ఎవరు తెరుస్తారు?

ఇంకో తిరకాసు. గొలుసు రాసిందాన్ని చెరపదు, సరే. రాసింది నిజమా అబద్ధమా అని అడగను కూడా అడగదు. ఓపెన్‌సీ అని ఈ సరుకంతా అమ్మే పెద్ద బజారు, తమ దగ్గర ఉచితంగా మింట్ చేసుకునే సదుపాయం పెడితే అందులో తయారైన వాటిలో 80 శాతానికి పైగా దొంగసరుకో, నకిలీయో, చెత్తో అని 2022 జనవరిలో తనే చెప్పుకుంది. పరాయివాడి పాట ముందు వీడు ఎక్కించేస్తే, రాతి మీద చెక్కిన అబద్ధం అది.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చింది ఒక్కటే ఉంది. ఇమోజెన్ హీప్ అని ఇంగ్లండు గాయని 2015లో టైనీ హ్యూమన్ అనే పాటని ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద పెట్టి, కొన్నవాడి డబ్బు ఆ పాటకి పనిచేసిన అందరికీ ఎవరి వాటా వాళ్ళకి అక్కడికక్కడే చీలిపోయేలా ఏర్పాటు చేసింది. అందరికీ అంటే వాయించినవాళ్ళకి కూడా. కుర్రాడు ఈ ముక్క చెప్పినప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. వెనక వరసకి కూడా వాటా! అడక్కుండానే! మేనేజరు చుట్టూ తిరక్కుండానే!

నువ్వూ అలాగే పెట్టావా అని అడిగాను. పెట్టానన్నాడు. గర్వంగా లాప్‌టాప్ తిప్పి చూపించాడు. సంగీతం, ప్రోగ్రామింగ్ వాడిది, 50. రాసిన పిల్లాడికి 25. పాడిన అమ్మాయికి 15. ఫ్లూటుకి 10. పాట వినిపించమన్నాను. బాగానే ఉంది, నిజం చెప్పాలి. చరణంలో ఢోలక్ అందుకుంది. మిషను ఢోలక్ కాదు. ఎడమచేతి వైపు చర్మాన్ని అరచేతి మడమతో నొక్కి గుమ్మని లాగే ఆ జారుడు ఏ ప్రోగ్రామింగులోనూ రాదు, అది చేత్తో వాయించినవాడి పని.

“ఢోలక్ ఎవర్రా?”

“యూసఫ్‌గూడ అన్న గురువుగారు. మస్తు వాయించిండు కదా?”

“మరి ఇందులో ఆయన పేరేది?”

“ఆయన ఒక్క పూట వచ్చిండు. మూడు వేలు మాట్లాడినం, చేతిల వెట్టినం. సెటిల్ అయిపోయింది.”

మద్రాసులో మా ముందు వోచరు పెట్టినవాళ్ళు కూడా సరిగ్గా ఇదే అనేవాళ్ళు, కాకపోతే అరవంలో.

“పేరు రాయి,” అన్నాను.

“ఇప్పుడు రాయనీకి రాదు గురువుగారు. మింట్ అయిపోయింది. ఒక్కసారి ఎక్కినంక ఎవ్వడు మార్చనీకి రాదని మీకు చెప్పిన గదా.”

“అయితే మళ్ళీ కొట్టు.”

“మళ్ల గ్యాస్ ఫీజు పడతది.”

“ఎంత?”

ఫోన్లో చూశాడు. “ఒకటి రెండు రూపాయలు.”

జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీసి కీబోర్డు మీద పెట్టాను. వాడు నవ్వాడు, కానీ కూర్చున్నాడు. నాలుగు వాటాలు ఐదు చేశాడు, తన యాభైలోంచి తగ్గించుకున్నాడు, అక్కడికి మెచ్చుకోవాలి. ఐదో గడిలో పేరు కొట్టబోయి ఆగాడు. ఆయన పేరేమిటో వాడికి తెలియదు. ఫోన్లో ఢోలక్ అన్న యూసఫ్‌గూడ అని దాచుకున్నాడు.

“చేసి కనుక్కో,” అన్నాను. స్పీకరులో పెట్టి చేశాడు. అవతల ఏదో బారసాల సందడి, పిల్లల ఏడుపు. అన్నా, నీ పూర్తి పేరు చెప్పవా, పాటలో వెయ్యాలి అన్నాడు వీడు.

“పేరు సంగతి తర్వాత తమ్మీ,” అన్నాడాయన. “నువ్వు నాకు ఇంకా ఐదొందలు బాకీ ఉన్నవ్, అది ఎప్పుడు కొడుతున్నవ్?”